ఆయన పేరు మీది నంబరు

మా ఇంటాయన చనిపోయిన తరువాత కూడా మూడేళ్ళు నిజామాబాదులో ఒక రిజిస్టరులో బతికే ఉన్నాడు. బతికించి పెట్టింది నేనే, ఈ చేతితోనే. ఇన్నేళ్ళకు ఈ సంగతి రాస్తున్నానంటే ధైర్యం వచ్చి కాదు. తిట్టవలసిన వాళ్ళెవరూ మిగల్లేదు, అంతే.

అరవైల నాటి మాట. మా ఊరి నుంచి బోధన్‌కు ఎడ్లబండి మీద పూట ప్రయాణం. పసుపు, వరి ఉన్నా ఇల్లు గడిచేది చెరుకు మీదే. ఫలానా రోజు నరకమని బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చిట్టీ వచ్చిందంటే ఇంట్లో పెళ్ళి హడావుడి. నరికిన చెరుకు పెళ్ళిపిల్ల కన్నా తొందర పెడుతుంది, ఎండకు గంట గంటకూ తూకం తగ్గుతుంది. మా ఇంటాయన బండి కట్టుకుని పోయి, ఫ్యాక్టరీ ముందర వరుసలో ఒక్కోసారి రెండు రోజులు కూర్చునేవాడు. తిరిగి వచ్చేటప్పటికి కనుబొమ్మల మీద కూడా దుమ్ము. కాళ్ళయినా కడుక్కోకుండా గడపలో నిలబడి "ఏమన్న ఉన్నదా?" అని అడిగేవాడు. "ఉన్నది, ముందుగాల కాళ్ళు కడుక్కోరాదు" అనేదాన్ని. ఏడేళ్ళ కాపురంలో మా సరసం చాలావరకు ఇదే.

ఒకరోజు బోధన్ బజారులో ఆయన ఒక బండిని చూశాడు. ముందర జీపు, వెనక తొట్టి. బండ్లు అమ్మే ఏజెన్సీ వాళ్ళు దాన్ని పికప్ అంటారని తరువాత తెలిసింది. మా ఊళ్ళో మాత్రం అది రాకముందే దానికి చిన్న లారీ అని పేరు పెట్టేశారు. దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాడట. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, వేలితో కంచంలోనే బొమ్మ గీసి చూపించాడు. పొద్దున నరికిన చెరుకు పొద్దు గుంకకముందే ఫ్యాక్టరీలో పడుతుంది, పసుపు బస్తాలు అదే రోజు నిజామాబాదు గంజి మార్కెట్టుకు చేరతాయి, ఎడ్లు హాయిగా ఇంటి దగ్గర నెమరు వేసుకుంటాయి. మామ మొదట నవ్వాడు. తరువాత రెండు పుట్ల పసుపు అమ్మి చేతిలో పెట్టాడు. ఆయన నిజామాబాదు పోయి బయానా కట్టి, ఒక నంబరు రాసిన చిట్టీతో తిరిగి వచ్చాడు.

ఆరు నెలల్లో బండి అన్నారు ఏజెన్సీ వాళ్ళు. ఈయన నెల తిరగకుండానే కొట్టం పక్కన దాని కోసం రేకుల పందిరి వేయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అత్త దెప్పింది. ఆరు నెలలు ఏడాదయ్యాయి. పందిరిలో దూడను కట్టేశాము.

ఆ ఏడాదంతా ఆయన ఏజెన్సీ చుట్టూ తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఈ నెల వచ్చిన బండ్లన్నీ సర్కారు తీసుకుపోయింది అనేవారు. మరుసటి నెల ఒక బండి వచ్చింది గాని పెద్దమనిషి ఎవరో చిట్టీ పట్టుకుని వచ్చాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే గదా. ఇంకోసారి, వెనక తొట్టి కంపెనీ ఇవ్వదు, ఇంజనూ చక్రాలే వస్తాయి, తొట్టి మీరే చేయించుకోవాలన్నారు. ఈయన వడ్లాయనతో, అంటే వడ్రంగితో, మాట్లాడి టేకు పలకలు కోయించి పెట్టాడు. ఆ తరువాత, లేదు, తొట్టితోనే వస్తుందన్నారు. అన్నిటికన్నా వింత, ముందర నలభై మంది ఉన్నారన్నవాళ్ళు మూడు నెలలకు నలభై మూడు మంది అన్నారు. ఫ్యాక్టరీ ముందర ఎన్నో వరుసల్లో కూర్చున్న మనిషి, వెనక్కి నడిచే వరుసను మాత్రం అక్కడే చూశానన్నాడు. కోపం రాలేదా అంటే, "కోపం చేస్తె యాభై అంటరు" అని నవ్వాడు.

మూడు నెలలకొకసారి పోస్టులో కార్డు వచ్చేది. ఇంకా బండి కావాలా, కావాలంటే సంతకం చేసి పదిహేను రోజుల్లో పంపండి, లేకుంటే నంబరు రద్దు. నిజాం కాలంలో చదువుకున్న వాడు కనుక ఆయన సంతకం ఉర్దూలోనే. ఒక్క గీత లాగినట్టు ఉండేది, పైన రెండు చుక్కలు. ఆ కార్డు పోస్టు డబ్బాలో వేయడానికి ఊరి నుంచి రెండు మైళ్ళు తానే నడిచేవాడు, ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

ఎండాకాలంలో కామెర్లు వచ్చాయి. పసరు పోయించాము, పథ్యం పెట్టాము, ఆఖరుకు బోధన్ దవాఖానకు తీసుకుపోయాము. పదహారో రోజు పోయాడు. ఆయనకు ముప్ఫై రెండు, నాకు ఇరవై నాలుగు. పిల్లలు లేరు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

దినాలు అయిన నెలకు కార్డు వచ్చింది. మామ దాన్ని జేబులో పెట్టుకుని నిజామాబాదు పోయాడు. చనిపోయాడని చెప్పకుండానే, మనిషికి ఏమన్నా అయితే నంబరు సంగతేమిటని అడిగాడట. "నంబరు మనిషిది. మనిషి లేకుంటె నంబరు లేదు" అన్నారు. ఇంకొకరి పేరు మీద కావాలంటే మళ్ళీ ఆఖరున నిలబడాలి. మామ ఇంటికి వచ్చి ఆ పూటంతా పందిరి కింద దూడ పక్కన కూర్చున్నాడు. చీకటి పడే వేళకు లోపలికి వచ్చి నన్ను పిలిచాడు.

"బిడ్డా, నువ్వు ముగ్గులు మంచిగ ఏస్తవు గదా?"

నాకు అర్థం కాలేదు. ఫ్యాక్టరీతో చేసుకున్న చెరుకు ఒప్పందం కాగితం నా ముందర పెట్టాడు. దాని కింద ఆయన సంతకం ఉంది. మామ వేలిముద్ర మనిషి. నేను నాలుగో తరగతి దాకా తెలుగు చదివాను, ఉర్దూ ఒక్క అక్షరం రాదు. పైగా మొగుని పేరు నోటితో పలికేవాళ్ళం కాము మేము. పలకని పేరును, చదవరాని లిపిలో, చచ్చిపోయిన మనిషి తరఫున రాయాలి. పలక మీద బలపంతో నాలుగు రోజులు దిద్దాను. అయిదో రోజు కార్డు మీద వేశాను. మామ ఒప్పందం కాగితం పక్కన పెట్టి చూసి "వాని చెయ్యే" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. తప్పు చేస్తున్నామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

తప్పు అత్తకు కనబడింది. ఏడాది నిండిన తరువాత పెత్రమాస వచ్చింది. చనిపోయిన వాళ్ళ పేరు మీద ఆ అమావాస్య నాడు గుళ్ళో అయ్యగారికి బియ్యం ఇస్తాము. ఆ బియ్యమే వాళ్ళకు ఏడాది తిండి అని మా నమ్మకం. ఏడాది నిండనిదే పెద్దలలో కలపరు కనుక ఆయనకు అదే మొదటి పెత్రమాస. అత్త బియ్యం, పప్పు, గుమ్మడికాయ అన్నీ పళ్ళెంలో సర్దింది. మామ అడ్డం వచ్చాడు.

"ఈ ఏడు ఇయ్యద్దు."

"ఎందుకు ఇయ్యద్దు?"

"ఏజెన్సీల బతికున్నడని దస్తకత్ చేసి పంపినం. గుడిల సచ్చిండని ఎట్ల చెప్తం? రెండు నాలుకల మనిషిని గాను నేను. బండి రానీ, అప్పుడు ఇద్దాం."

మా మామ అబద్ధమాడని మనిషని ఊళ్ళో పేరు. నిజమే. అందుకే, ఒక అబద్ధం ఆడవలసి వస్తే దానిని కూడా అంతే నిష్ఠగా ఆడాడు. అత్త పళ్ళెం దించి నా వైపు చూసింది. "బతికున్నోళ్ళకు బియ్యం ఇయ్యరు, సచ్చినోళ్ళకు బండి ఇయ్యరు. నా కొడుకును ఎటూ గాకుంట చేసిండ్రు మీరిద్దరు" అంది. దించిన పళ్ళెం నేనే లోపలికి తీసుకుపోయాను. సంతకం పెట్టిన చెయ్యి నాది.

ఆ వారంలోనే మొదలైంది. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో ఎండ కళ్ళు చెదిరేటట్టు ఉంది. నేను చాటలో బియ్యం చెరుగుతున్నాను. గడప దగ్గర నుంచి "ఏమన్న ఉన్నదా?" అని వినబడింది. గొంతు అలసిపోయి ఉంది, ఎప్పటిలాగే. నేను తల ఎత్తకుండానే "ఉన్నది" అన్నాను. చాట దించి సగం లేచిన తరువాత గుర్తుకు వచ్చింది. గడపలో ఎవరూ లేరు.

దయ్యం అని భయపడలేదు. భయపడితే బాగుండేది, తాయెత్తు కట్టించుకునేదాన్ని. నాకు కలిగింది సిగ్గు. కుండలో అన్నం ఉంది, ఉన్నదని నోటితో చెప్పాను, పెట్టడానికి లేదు.

తరువాత వారానికి రెండుసార్లు, మూడుసార్లు వచ్చేవాడు. అదే వేళకు, అదే మాట. నేను ఎవరికీ చెప్పలేదు. "ఎవలతోని మాట్లాడుతున్నవే?" అని అత్త అడిగితే "కోళ్ళతోని" అనేదాన్ని. మధ్యాహ్నం అన్నం నా గొంతు దిగడం మానేసింది. ఆకలితో ఉన్న మనిషిని గడపలో నిలబెట్టి తినడం ఎవరి తరం?

అటు ఏజెన్సీ కథ మామూలే. అదిగో పులి అంటే ఇదిగో తోక. కంపెనీలో సమ్మె అన్నారు, ధర మారింది కొత్త కాగితం రాయాలన్నారు, పచ్చ రంగు లేదు బూడిద రంగుకు ఒప్పుకుంటారా అన్నారు. ప్రతి కాగితానికీ నేను పేరు గీసి ఇచ్చాను. మనిషి ఎందుకు రావడం లేదని అడిగినప్పుడల్లా మామ ఒక ఊరు చెప్పేవాడు. చెరుకుబండి మీద ఉన్నాడు, కందకుర్తికి గోదావరి స్నానానికి పోయాడు, పండరి యాత్రకు పోయాడు. చనిపోయిన తరువాత మా ఇంటాయన తిరిగినన్ని క్షేత్రాలు బతికుండగా కలలో కూడా చూసి ఉండడు. రెండో పెత్రమాస కూడా బియ్యం లేకుండానే పోయింది. అత్త ఆ రోజు ఇంట్లో పొయ్యి ముట్టించలేదు.

మూడోది ఇంకో నాలుగు రోజులుందనగా కార్డు గడువు మీద పడింది. వానలకు పోస్టు నమ్మేటట్టు లేదు, చేతికే ఇచ్చి రావాలి. మామ కాలు వాచి మంచం మీద ఉన్నాడు. మా అమ్మగారి ఊరు నవీపేట్ దిక్కు, ఒంటరిగా బస్సెక్కడం నాకు కొత్త కాదు. నేను పోతానన్నాను. బొట్టు లేని ముఖంతో పోతే నంబరు ఉండదు కనుక కుంకుమ పెట్టుకున్నాను. అద్దంలో చూసుకున్నప్పుడు నాకు సంతోషమే అయ్యింది, దాచుకోను. ఒక్క నిమిషం ఆయన చెరుకుబండి మీద పోయి సాయంత్రానికి వస్తాడనే అనిపించింది.

ఏజెన్సీలో రిజిస్టరు రాసేది ముసలి మున్షీ. నా చేతిలో కార్డు తీసుకుని కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తరువాత సొరుగులోంచి పాత కార్డులన్నీ తీసి బల్ల మీద వరుసగా పేర్చాడు.

"కూర్చో బేటీ. గీ మూడు చూడు. గివి మొదటివి. సిరా కుడి దిక్కు మొదలైంది, ఎడమ దిక్కు పోయి సన్నగైంది. గీ పదమూడు చూడు. ఎడమ దిక్కు మొదలైంది."

నాకు తెలియలేదు. నిజంగానే తెలియలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుగు రాసినట్టే ఎడమ నుంచి గీసుకుంటూ పోయాను.

"ఉర్దూ గిట్ల రాయరమ్మా" అన్నాడు నెమ్మదిగా. "మూడేండ్ల సంది నాకెరుకే. నేను అడుగుతలేను. నువ్వు చెప్పకు. ముందర ఇద్దరే ఉన్నరు. దసరా లోపల మీ బండి వస్తది."

మూడేళ్ళలో ఆ ఏజెన్సీలో విన్న మొదటి మంచిమాట అది. ఇద్దరే. పందిరి కింద ఆ బండి నిలబడి ఉన్నట్టు, మామ దాని మీద చెయ్యి వేసినట్టు కనబడింది. బండి వచ్చిన మరుక్షణమే బియ్యం ఇవ్వవచ్చు. ఈ అమావాస్య దాటినా పరవాలేదు, ఏదో ఒకరోజు అయ్యగారిని అడిగి ఇస్తాము. ఆ మాటే ఇంకో విధంగా అడిగాను.

"బండి వచ్చినంక మా మామ పేరు మీదికి ఎప్పుడు మార్చుకోవచ్చు?"

"రెండేండ్ల దాక మార్చరాదు, అమ్మరాదు. కాయిదాల మీద ఆయనే ఉండాలె. ఏడాదికోసారి కొత్త దస్తకత్ గావాలె."

మళ్ళీ రెండేళ్ళు. మళ్ళీ రెండు పెత్రమాసలు. అబద్ధం మీద అంత నిష్ఠగల మామ ఆ రెండేళ్ళూ బియ్యం ఇవ్వనివ్వడు. మా ఇంటాయన ఎండలో గడప దగ్గరే నిలబడి ఉంటాడు. నేను చాట పట్టుకుని ఉన్నది ఉన్నది అంటూనే ఉంటాను.

"చచ్చిపోయిండు" అన్నాను.

మున్షీ చెయ్యి అడ్డంగా ఊపాడు. "చెప్పకు అంటిని గదా బేటీ."

"చచ్చిపోయిండు. కామెర్లొచ్చి చచ్చిపోయిండు. పేరు కొట్టెయ్యండి."

అప్పటిదాకా ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. దినాల్లో ఏడ్చాను గాని అనలేదు. మున్షీ కలం సిరాలో ముంచి, రిజిస్టరు తిప్పి, ఒక వరుస మీద గీత గీశాడు. కుడి నుంచి ఎడమకు గీశాడు. బయానా తిరిగి వస్తుందనీ మామను పంపమనీ ఏదో చెప్పాడు, నాకు సరిగా వినబడలేదు. బస్సులో కొంగుతో బొట్టు తుడుచుకున్నాను. పక్కన కూర్చున్న ఆమె బిత్తరపోయి చూసింది.

మామకు ఉన్నదున్నట్టు చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. "ఎంత దాక వచ్చిందన్నడు?" అని మాత్రం అడిగాడు.

"ఇద్దరే ఉండిరి."

మామ తువ్వాల ముఖం మీద వేసుకుని మంచం మీద అటు తిరిగాడు.

అమావాస్య నాడు అత్త, నేను గుడికి పోయాము. అత్త రెండు శేర్ల బియ్యం ఎక్కువే పోసింది, మూడేళ్ళవి గదా అంది. ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగితే అత్త కొడుకు పేరు గట్టిగా, ఊరికంతా వినబడేటట్టు చెప్పింది. దోవలో నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఆమె మనసు తేలికయ్యిందని తెలిసింది, నాదీ అయ్యిందనుకున్నాను.

ఇంటికి వచ్చి వంట చేసి, అత్త పడుకున్నాక, వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాను. చేతిలో చాట ఉంది గాని చెరగడం లేదు. ఎండ గడప మీదికి వచ్చింది, గడప దాటింది, గోడ ఎక్కింది. ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఎదురు చూస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకు అన్నం పెట్టాలని రెండేళ్ళు తపించినదాన్ని, పెట్టిన తరువాత ఆయన రావలసిన పని ఉండదని ఒక్కసారీ ఆలోచించలేదు.

"రాలేదు గదా?" అన్నాడు మామ మంచం మీద నుంచి, ఇటు తిరగకుండానే.

"ఎవలు మామా?"

"పగటాల వస్తుండె గదా, ఏమన్న ఉన్నదా అనుకుంట. నీకు ఇనబడకపోతుండెనా?"

చేతిలో చాట కింద పెట్టాను. లేచి మామ మంచం దగ్గరికి పోయాను.

"ఇనబడుతుండె."

"బియ్యం ఇస్తె రాడని నాకెరుకే బిడ్డా. గందుకే పోయినేడు ఇయ్యనియ్యలే" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "బండి సంగతి గాదు" అన్నాడు.

లోపలికి పోయి ఇద్దరికీ అన్నం పెట్టుకుని వచ్చాను. కంచాలు మధ్యలో పెట్టుకుని, వాకిలి వైపు చూస్తూ, ఇద్దరమూ సాయంత్రం దాకా అట్లాగే కూర్చున్నాము.